టెలికాం కంపెనీల అర్జీలకూ రశీదు ఉండాలి

సంపాదకులు గారికి,

నమస్కారాలు.

వెలిగొండల కింద, సీతారామపురం మండలంలో మా అక్క వాళ్ల ఊరు ఉంది. ఆ ఊళ్లో ఫోన్ మాట్లాడాలంటే మిద్దె ఎక్కాలి, లేకపోతే చెరువు కట్ట మీదికి పోవాలి. రేషన్ డీలరు ఈ-పోస్ మిషన్ పట్టుకొని సిగ్నల్ కోసం వీధి చివరి దాకా నడవడం, ఉపాధి హామీ పని దగ్గర మేటు హాజరు ఫొటోలు తీసి అవి పోవడం లేదని కట్ట ఎక్కడం అక్కడ రోజూ కనిపించేదే. ఈ సంగతి అడుగుదామని ఆ మధ్య ఒక ప్రైవేటు టెలికాం కంపెనీ కార్యాలయానికి వెళ్లాను. అక్కడి ఇంజనీరు మర్యాదగా కూర్చోబెట్టి, మంచినీళ్లిచ్చి, చెప్పినదంతా ఓపికగా విని, చివరికి "అది పాలసీ మేటర్ సార్, మా చేతుల్లో ఉండేది కాదు" అన్నాడు.

నేను టెలికాం శాఖలో చేరి బీఎస్ఎన్ఎల్‌లో ఉద్యోగ విరమణ చేసినవాడిని. ఆ ఇంజనీరు తన వరకు నిజమే చెప్పాడని నాకు తెలుసు. టవర్ ఎక్కడ వేయాలో జిల్లాలో నిర్ణయం కాదు. అయితే ఆ కుర్రవాడి చేతుల్లో లేని పాలసీ అతని కంపెనీ చేతికి కూడా అందనిదా అంటే, కాదు. స్పెక్ట్రమ్ (ఫోన్ సిగ్నళ్లు నడిచే రేడియో తరంగాల) ధర ఎంత ఉండాలి, లైసెన్సు ఫీజు ఏ రాబడి మీద కట్టాలి, పల్లెల్లో టవర్లకు పెట్టే నిధిలో ఎవరు ఎంత వేయాలి, రీచార్జ్ ఎన్ని రోజులు చెల్లాలి అనే ప్రతి విషయంలోనూ కంపెనీలు ఢిల్లీలో పేజీల కొద్దీ రాస్తాయి, సమావేశాల్లో కూర్చుంటాయి, అవసరమైతే సుప్రీంకోర్టు దాకా వెళతాయి. పాలసీ అనేది ఆకాశం నుంచి ఊడిపడదు. అది తయారయ్యే చోట కంపెనీ కూడా ఉంటుంది, మా అక్క ఊరివాళ్లు మాత్రం ఉండరు.

ఆ తరువాతి సోమవారం నెల్లూరు కలెక్టరేట్‌లోని తిక్కన ప్రాంగణానికి వెళ్లి, ప్రజా సమస్యల పరిష్కార వేదికలో అర్జీ ఇచ్చాను. వరుసలో నిలబడ్డాను, ఆధార్ నంబరు చెప్పాను, అర్జీకి ఒక నంబరు వేసి రశీదు ఇచ్చారు. నేను ఏమి అడిగానో, ఏ తేదీన అడిగానో, అది ఏ అధికారికి చేరిందో ఆ నంబరు చెబుతుంది. ఒక ఊరి సిగ్నల్ గురించి అడిగిన నాకు రశీదు ఉన్నప్పుడు, దేశమంతటి సిగ్నల్‌ను ప్రభావితం చేసే అర్జీలకు రశీదు ఎందుకు ఉండకూడదన్నది ఆ రోజు బస్సులో తిరిగి వస్తూ నాకు కలిగిన ప్రశ్న.

వ్యాపారం చేసేవారు ప్రభుత్వానికి తమ కష్టం చెప్పుకోవడాన్ని నేను తప్పుపట్టడం లేదు. చెప్పుకోకపోతేనే నష్టం. ఒక టవర్‌కు డీజిల్ ఎంత ఖర్చవుతుందో, కొండ వారగా ఫైబర్ వేయడానికి అటవీ అనుమతికి ఎన్నాళ్లు పడుతుందో, వాన పడితే మైక్రోవేవ్ లింకు ఎలా బలహీనపడుతుందో పనిచేసేవారికే తెలుస్తుంది కాని ఫైలు రాసేవారికి తెలియదు. సేవ అందించేదీ, విధానం రాసేదీ రెండూ ప్రభుత్వమే అయిన రోజుల్లో కూడా నేను పనిచేశాను. అప్పుడు ఫోన్ కనెక్షన్ కోసం ఏళ్ల తరబడి వెయిటింగ్ లిస్టు ఉండేది, పార్లమెంటు సభ్యుడి సిఫారసు లేఖ తెచ్చుకున్నవారు ముందుకు జరిగేవారు. అంటే పైరవీ ప్రైవేటు కంపెనీలతో పుట్టిందని అనడానికి నాకు నోరు రాదు. మన భాషలో వినతికి, పైరవీకి తేడా స్పష్టంగానే ఉంది. అందరూ చూస్తుండగా ఇచ్చేది వినతి, చాటున చెప్పుకొనేది పైరవీ. రెండింటిలోనూ అడిగే విషయం ఒకటే కావచ్చు.

ఈ తేడాను పాటించే తలుపు ఒకటి మన దేశంలో ఉంది. 1997 చట్టంతో ఏర్పడిన టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తన పనిలో పారదర్శకత పాటించాలని ఆ చట్టంలోనే రాశారు. ట్రాయ్ ముందుగా చర్చాపత్రం విడుదల చేస్తుంది, అభిప్రాయాలు తీసుకుంటుంది, ఆ అభిప్రాయాలపై ఎదుటివారి జవాబులు కూడా తీసుకుంటుంది, వాటిని తన వెబ్‌సైట్‌లో పెడుతుంది, తరువాత బహిరంగ చర్చ నిర్వహిస్తుంది. ఏ కంపెనీ ఏమన్నదో ఓపిక ఉన్నవారు ఎవరైనా చదువుకోవచ్చు. నేను చదువుతాను. విశ్రాంత జీవితంలో ఇదొక కాలక్షేపమని మా ఇంట్లో నవ్వుతారు.

అలా చదివినవాటిలో ఒకటి మా అక్కకు సంబంధించినది. ఆమె చేతిలో ఉన్నది బటన్ ఫోన్. ఇంటర్నెట్ అంటే ఏమిటో ఆమెకు అక్కరలేదు. కొడుకు హైదరాబాదు నుంచి చేస్తే మాట్లాడుతుంది, పింఛను రోజు సచివాలయం నుంచి ఫోన్ వస్తే ఎత్తుతుంది. అయినా వాడని డేటాకు కూడా కలిపి 28 రోజులకోసారి రీచార్జ్ చేయించుకుంటూ వచ్చింది. మాటలకు, సందేశాలకు మాత్రమే పనికివచ్చే రీచార్జ్ విడిగా ఉండాలా అని ట్రాయ్ 2024 జులైలో చర్చాపత్రం ద్వారా అడిగింది. ఇప్పుడున్న ప్లాన్లు చాలునని, ప్రత్యేకంగా వాయిస్ రీచార్జ్ అవసరం లేదని ప్రైవేటు కంపెనీలు వాదించాయి. వినియోగదారుల పక్షాన మాట్లాడేవారు కావాలన్నారు. చివరికి 2024 డిసెంబరు 23న ట్రాయ్ నిబంధనలను సవరించి, వాయిస్, ఎస్ఎంఎస్‌లకు మాత్రమే పరిమితమైన రీచార్జ్ ఒకటైనా తప్పనిసరిగా ఉండాలని, ప్రత్యేక రీచార్జ్‌ల గరిష్ఠ గడువును 90 రోజుల నుంచి 365 రోజులకు పెంచుకోవచ్చని చెప్పింది.

ఈ వ్యవహారంలో కంపెనీలు ఓడిపోయాయి కాని, నడిచిన తీరు నాకు నచ్చింది. వారు తమ పేరుతో రాశారు, కారణాలు చెప్పారు, అవి అందరికీ కనిపించాయి, ఎదుటివారు జవాబిచ్చారు, నిర్ణయం వచ్చింది. నాకు మింగుడు పడనిది ఒక్కటే. వినియోగదారులు కోరుకునేది అపరిమిత ప్లాన్లనేనని వారు చెప్పినప్పుడు ఆ వినియోగదారుల లెక్కలో మా అక్క కూడా ఉంది, ఆమెను మాత్రం ఎవరూ అడగలేదు. వేరొకరి తరఫున మాట్లాడుతున్నామని చెప్పుకొనే కంపెనీ, ఆ వేరొకరిని ఏ ఊళ్లో, ఏ ప్రశ్నతో, ఎంతమందిని అడిగిందో కూడా ఆ కాగితంలోనే జత చేస్తే బాగుంటుంది. 2025లో వాయిస్ ప్యాకులు వచ్చాయి. వాటి ధరలో మా అక్క ఆశించినంత తగ్గింపు లేదు, అది వేరే సంగతి.

వినియోగదారుల పేరు వాడుకోవడం ఎంత దూరం పోతుందో 2015లో చూశాం. ఒక్కో వెబ్‌సైట్‌కు ఒక్కో ధర పెట్టవచ్చా అని ఆ డిసెంబరులో ట్రాయ్ చర్చాపత్రం తెచ్చినప్పుడు, ఫ్రీ బేసిక్స్‌ను (కొన్ని వెబ్‌సైట్లను మాత్రమే ఉచితంగా చూపే తన పథకాన్ని) కాపాడండి అంటూ ఫేస్‌బుక్ తన ఖాతాదారుల చేత లక్షల కొద్దీ ఒకే రకం ఉత్తరాలు పంపించింది. అడిగిన ప్రశ్నలకు వాటిలో జవాబులు లేవని ట్రాయ్ రాతపూర్వకంగానే చెప్పింది. నెట్ సమానత్వం, అంటే అన్ని వెబ్‌సైట్లనూ ఒకేలా చూడాలని కోరిన ఎదుటి పక్షంవారు కూడా అదే ఏడాది వేసవిలో సిద్ధం చేసిన ఉత్తరాలనే లక్షల్లో పంపారన్నది నిజం. కాకపోతే వాటిలో, అప్పటి వేరే చర్చాపత్రంలో ట్రాయ్ అడిగిన 20 ప్రశ్నలకు జవాబులు ఉన్నాయి. 2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ అలాంటి ధరల వివక్షను నిషేధించింది. ఉత్తరాల సంఖ్యను చూసి కాకుండా వాదనను చూసి నిర్ణయించడం ఆ సంస్థ చేసిన మంచి పని.

కోర్టుకు వెళ్లడాన్ని కూడా నేను బాధ్యతాయుతమైన దారిగానే చూస్తాను. మాట మధ్యలో కాల్ తెగిపోతే రూపాయి చొప్పున, రోజుకు మూడు కాల్స్ వరకు పరిహారం ఇవ్వాలని ట్రాయ్ 2015 అక్టోబరులో నిబంధన పెట్టినప్పుడు మా కాలనీలో ఆ వార్తకు టీ కొట్టు దగ్గర చప్పట్లు కొట్టారు. కంపెనీల సంఘం సీఓఏఐ, కంపెనీలు కోర్టుకెళ్లాయి. 2016 మే 11న సుప్రీంకోర్టు ఆ నిబంధనను కొట్టివేసింది. నాకు అప్పట్లో కోపం వచ్చింది. తీర్పు గురించి చదివాక కొంత తగ్గింది. తప్పు ఎవరిదైనా కంపెనీయే కట్టాలనడం సహేతుకం కాదని కోర్టు అన్నది. దానితో పాటు, నిబంధనలు చేసే సంస్థలన్నీ ముందుగా ప్రజలకు తెలియజేసి, అభిప్రాయాలు విని, కారణాలు చెప్పి నిర్ణయాలు తీసుకొనేలా పార్లమెంటు ఒక చట్టం తేవాలని కూడా సూచించింది. కంపెనీల పిటిషన్ మీద వచ్చిన తీర్పులోని ఈ సూచన కంపెనీల కంటే మనకే ఎక్కువ అవసరమైనది.

చిక్కంతా మిగిలిన తలుపుల దగ్గర ఉంది. బడ్జెట్‌కు ముందు ఆర్థిక శాఖకు ఇచ్చే వినతులు, టెలికాం శాఖకు రాసే లేఖలు, మంత్రులతో, కార్యదర్శులతో భేటీలు, వాణిజ్య సంఘాల ద్వారా చేరే నోట్‌లు ఇవన్నీ పత్రికలకు లీకైతే తెలుస్తాయి, లేకపోతే తెలియవు. అమెరికాలో ఏ కంపెనీ ఏ విషయం మీద ఎవరి ద్వారా ఎంత ఖర్చు పెట్టి లాబీయింగ్ చేసిందో మూడు నెలలకోసారి దాఖలు చేయాలి, అక్కడ 1995 నుంచి చట్టం ఉంది. మన దగ్గర అలాంటి చట్టం లేదు. లేదు కాబట్టి కంపెనీలు తమంతట తాముగా చేయగలిగింది చాలా ఉంది, ఆ మాటకు వస్తే చేయమని చెప్పే నియమం కూడా ఒకటి ఉంది.

చాలామందికి తెలియని ఆ నియమం గురించి కొంచెం వివరంగా చెబుతాను. కంపెనీ వ్యవహారాల మంత్రిత్వ శాఖ 2019లో బాధ్యతాయుత వ్యాపారానికి తొమ్మిది సూత్రాలు ప్రకటించింది. వాటిలో ఏడవది, ప్రభుత్వ విధానాలను ప్రభావితం చేసే పనిలో ఉన్న కంపెనీలు ఆ పనిని బాధ్యతతో, పారదర్శకంగా చేయాలని చెబుతుంది. ఈ సూత్రాల ఆధారంగా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2021 మే నెలలో ఒక నివేదిక నమూనా తయారుచేసి, స్టాక్ మార్కెట్‌లో విలువ ప్రకారం మొదటి 1000 కంపెనీలు 2022-23 నుంచి ఏటా దాన్ని సమర్పించాలని ఆదేశించింది. ఏ వాణిజ్య సంఘాల్లో సభ్యత్వం ఉందో చెప్పడం అందులో తప్పనిసరి భాగం. ఏ విధానం మీద ఏ వైఖరి తీసుకున్నారు, దాన్ని ఏ మార్గంలో వినిపించారు, ఆ సమాచారం ప్రజలకు అందుబాటులో ఉందా, బోర్డు ఎంత కాలానికోసారి సమీక్షిస్తుంది అనే ప్రశ్నలు మాత్రం ఐచ్ఛిక భాగంలో ఉన్నాయి. అంటే ఏ సంఘంలో ఉన్నావో చెప్పక తప్పదు, ఆ సంఘంలో కూర్చొని ఏమి అడిగావో చెప్పడం నీ ఇష్టం. రశీదులో పేరు రాసి, అర్జీ విషయం రాయకుండా వదిలేసినట్టు ఉంది ఇది. సెబీ ఆ ఐచ్ఛికాన్ని తప్పనిసరి చేయాలి. అప్పటిదాకా ఆగకుండా, ఒక్కో విధానం మీద తమ వైఖరిని ఒక్కో పేజీలో, వాణిజ్య సంఘం వైఖరితో తాము విభేదించిన చోట ఆ సంగతి కూడా రాసి వెల్లడించే కంపెనీని నేను బాధ్యత గల కంపెనీ అంటాను.

దీనివల్ల మా అక్క ఊరికి ఏమి ఒరుగుతుందని మీ పాఠకులు అడగవచ్చు. లాభం లేని చోట టవర్లు వేయడానికి ఒక నిధి ఉంది. దాన్ని ఇంతకుముందు యూఎస్ఓ ఫండ్ అనేవారు, 2023 టెలికాం చట్టం దాని పేరును డిజిటల్ భారత్ నిధిగా మార్చింది. కంపెనీలు తమ సర్దుబాటు చేసిన స్థూల రాబడిలో (మొత్తం రాబడిలోంచి అనుమతించిన మినహాయింపులు తీసేశాక మిగిలే దానిలో) 5 శాతం దానికి కట్టాలి. ఈ భారాన్ని తగ్గించాలని, కొంతకాలం నిలిపివేయాలని కంపెనీల సంఘం ఏళ్లుగా కోరుతోంది. ఆ కోరికకు వారు చెప్పే కారణం తేలికగా కొట్టిపారేయదగింది కాదు. వసూలైన సొమ్ములో వేల కోట్లు ఖర్చు కాకుండా మిగిలిపోయిన మాట నిజమే. కాని ఇదే కంపెనీలు మన జిల్లాలో ఏ సభకు వచ్చినా, వార్షిక నివేదికలో ఏ పేజీ తెరిచినా గ్రామీణ భారతానికి అనుసంధానం గురించే మాట్లాడతాయి. ఆ రెండు మాటలనూ ఒకే కాగితం మీద పక్కపక్కనే పెట్టి, "ఈ భారం తగ్గితే మాకు ఇంత మిగులుతుంది, దానితో ఫలానా మండలాల్లో ఇన్ని టవర్లు మేమే వేస్తాము" అని చెప్పగలిగితే వినడానికి మేము సిద్ధం. లేదా "మిగిలేది అప్పులకు పోతుంది" అని చెప్పినా సరే, అది కూడా నిజాయితీయే. ఢిల్లీలో ఒక మాట, ఉదయగిరిలో ఒక మాట వద్దు.

మాట మార్చుకోవడమే తప్పని కాదు. 2024 అక్టోబరులో ఉపగ్రహ ఇంటర్నెట్ స్పెక్ట్రమ్‌ను వేలం వేయాలని జియో పట్టుబట్టింది, నగరాల్లో సేవలందించే ఉపగ్రహ కంపెనీలు కూడా తమలాగే స్పెక్ట్రమ్ కొనుక్కోవాలని ఎయిర్‌టెల్ అధినేత సునీల్ మిత్తల్ అన్నారు. 2025 మార్చి 11న ఎయిర్‌టెల్, మరునాడే జియో, స్టార్‌లింక్ ఉపగ్రహ ఇంటర్నెట్ సేవలను మన దేశంలో అందించడానికి దాన్ని నడిపే అమెరికా కంపెనీ స్పేస్‌ఎక్స్‌తో ఒప్పందాలు ప్రకటించాయి. వ్యాపారంలో పోటీదారు భాగస్వామి కావడం సహజం. అయితే నిన్న ప్రభుత్వం ముందు చేసిన వాదన ఇంకా నిలిచి ఉందా, వదులుకున్నారా అన్నది కూడా అదే రోజు చెబితే చదివేవారికి అర్థమయ్యేది.

రాజకీయ పార్టీలకు విరాళాల గురించి రెండే మాటలు. మూడేళ్ల సగటు లాభంలో 7.5 శాతానికి మించి కంపెనీలు విరాళం ఇవ్వకూడదన్న పరిమితిని 2017లో తీసేశారు. పార్టీలకు పేరు బయటపడకుండా విరాళాలిచ్చే ఎన్నికల బాండ్ల పథకంతో పాటు ఆ సవరణను కూడా సుప్రీంకోర్టు 2024 ఫిబ్రవరి 15న కొట్టివేసింది. తరువాత బయటికి వచ్చిన బాండ్ల కొనుగోలుదారుల జాబితాలో ఒక పెద్ద టెలికాం కంపెనీ పేరు కూడా ఉంది. అప్పటి చట్టం ప్రకారం అది నేరం కాదు. కాని ప్రభుత్వం నుంచి స్పెక్ట్రమ్ తీసుకొని, ప్రభుత్వానికి బాకీ ఉండి, ప్రభుత్వమే గడువులు నిర్ణయించే వ్యాపారంలో ఉన్నవారు పార్టీలకు అసలు ఏమీ ఇవ్వకుండా ఉండటమే మంచిదని నా అభిప్రాయం.

ఇక స్థానికంగా చూస్తే, మన పంచాయతీలకు, మున్సిపాలిటీలకు ఈ చర్చలో చోటే లేదు. కేబుల్ వేయడానికి, టవర్ నిలపడానికి కావలసిన దారి హక్కు (స్థలం వాడుకొనే అనుమతి) గురించి దేశమంతటా ఒకే రకం నిబంధనలు కావాలని కంపెనీలు చాలాకాలం కోరాయి, 2025 జనవరి 1 నుంచి కొత్త నిబంధనలు అమల్లోకి వచ్చాయి. అవసరమైనవే. కాని కావలిలో మా వీధిలో ఫైబర్ కోసం తవ్విన గాడి రెండు వానాకాలాలు పూడ్చకుండా ఉండిపోయింది, ఏ కంపెనీదో చెప్పే బోర్డు కూడా అక్కడ లేదు. అనుమతి త్వరగా రావాలని కోరిన పెద్దలు, గాడి త్వరగా పూడ్చే షరతును కూడా తామే కోరి ఉంటే ఎంత బాగుండేది! టవర్ రేడియేషన్ మీద జనానికి ఉన్న భయం విషయంలోనూ ఇంతే. అంతర్జాతీయ పరిమితిలో పదో వంతుకు మించకూడదని మన దేశం 2012 సెప్టెంబరు నుంచే కఠినమైన ప్రమాణం పెట్టుకుంది. ఈ ఒక్క మాట గ్రామసభలో తెలుగులో చెప్పే మనిషి లేక ఎన్నో చోట్ల పనులు ఆగుతుంటాయి. కలెక్టరుకు ఫిర్యాదు చేసి పోలీసు బందోబస్తు అడగడం కంటే అది చౌక.

భాష సంగతి కూడా చెప్పాలి. చర్చాపత్రాలు వందల పేజీల ఇంగ్లీషులో ఉంటాయి, గడువు వారాల్లో ముగుస్తుంది. సేవల నాణ్యత లెక్కలకు చిరకాలంగా ప్రమాణమైన ఆంధ్రప్రదేశ్ సర్కిల్ అంటే ఆదిలాబాద్ నుంచి అనంతపురం దాకా, ఇప్పటికీ తెలంగాణ కూడా అందులోనే ఉంది. ఆ సగటులో సీతారామపురం మండలం కనిపించదు. కంపెనీలు తమ సేవలున్న ప్రాంతాల మ్యాపులను వెబ్‌సైట్‌లో పెట్టాలని 2024 ఆగస్టు నిబంధనల్లో ట్రాయ్ చెప్పడం మంచి మార్పు. నేను చూసిన మ్యాపులో మా అక్క ఊరికి రంగు వేసి ఉంది. చెరువు కట్టకే ఆ రంగు చెల్లుతుందని కంపెనీకి చెబుదామంటే, ఆ పేజీలో చెప్పే చోటు నాకు కనిపించలేదు.

మీ పత్రికను కోరేది ఒకటి ఉంది. ట్రాయ్ చర్చాపత్రం వెలువడిన వారంలోగా అందులోని ప్రశ్నలను తెలుగులో అరపేజీ వేసి, అభిప్రాయాలు పంపే గడువును, చిరునామాను ఇవ్వండి. గడువు ముగిశాక ఏ కంపెనీ ఏమి అడిగిందో మరో అరపేజీ వేయండి. సినిమా పేజీ తగ్గించమని నేను అనను. వారానికొకటి చొప్పున వచ్చే వ్యవసాయ పేజీ పక్కన చోటు దొరికినా చాలు.

నా అర్జీ నంబరు వేసిన రశీదు నా పర్సులోనే ఉంది. కలెక్టరు కార్యాలయం దాన్ని ఆ కంపెనీకే పంపినట్టు ఫోన్‌కు సందేశం వచ్చింది. కంపెనీ ఏమి జవాబిస్తుందో చూసి, పాలసీ అనే మాట అందులో ఉన్నా, లేకపోయినా, మీకు మళ్లీ రాస్తాను.

ఇట్లు,
ఒక విశ్రాంత టెలికాం ఉద్యోగి,
కావలి, శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు జిల్లా.